ముల్లు కదిలిన రోజు

మే నెల రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలు. బెంగళూరు నుంచి వస్తూ పాలసముద్రం దగ్గర హైవే దిగి గోరంట్ల దారి పట్టాను. రెండు పక్కలా వేరుశనగకు దుక్కి చేసి వాన కోసం వదిలిపెట్టిన ఎర్రనేలలు. ఏసీ పూర్తిగా పెట్టి ఉంది. ఒక మిట్ట ఎక్కుతుండగా టెంపరేచరు ముల్లు సగం గీత దాటి వెంట్రుకవాసి పైకి జరిగింది. మిట్ట దిగేసరికి మళ్ళీ తన చోటికి వచ్చేసింది. దీపం వెలగలేదు. పికప్ తగ్గలేదు. అయినా నా ప్రాణం స్థిమితపడలేదు. ఈ బండి కొని పన్నెండేళ్ళు. ఆ ముల్లు సగం గీత మీద నుంచి కదలడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఇదే బండిలో మళ్ళీ బెంగళూరు పోవాలి. మా అక్కయ్యకు కంటి ఆపరేషన్. చూడనట్టు ఊరుకుందామనే ముందు అనిపించింది. ఊరుకోలేక హిందూపురం రోడ్డు మీదున్న మామ షెడ్డు ముందు ఆపాను.

రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు. మామకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆయిలింజన్లతో మొదలుపెట్టి, జీపులు, అంబాసిడర్లు మీదుగా ఇప్పటి కార్ల దాకా వచ్చిన చెయ్యి. అల్లుడు ఆయన చెల్లెలి కొడుకు. డిప్లొమా చదివి ఒక కంపెనీ సర్వీసు సెంటర్లో పని చేస్తాడు. సెలవు రోజున స్కానర్ పట్టుకుని మామ దగ్గరికి వస్తాడు. ఊళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను గనక మామకు నేను ఇప్పటికీ అయివారిని, అల్లుడికి సార్‌ని. బండి జబ్బును ముందుగా పసిగట్టేది మనిషా, మిషనా అన్న వాదన వాళ్ళిద్దరి మధ్య నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఆ రోజు నా బండి మీద నడిచినంత మేరకు రాస్తున్నాను.

మామ: ఇంజను ఆపొద్దండి అయివారూ, అట్లే ఉండనీండి. ముల్లు పైకి పోయి ఎంతసేపైంది?

నేను: ఇరవై నిమిషాలు. ఒక్కసారే. మిట్ట దిగగానే మామూలైంది.

అల్లుడు: ఉండండి సార్, పెట్టి చూస్తా.

స్టీరింగు కింద చెయ్యి పెట్టి, చూడకుండానే సాకెట్టు వెతికి స్కానర్ తగిలించాడు. తెర మీద అంకెలు వచ్చాయి.

అల్లుడు: కోడు ఒక్కటీ లేదు. కూలెంట్ 94 చూపిస్తాంది. నార్మల్. ఎండ, మిట్ట, ఏసీ మూడూ ఒకటైనాయి, అంతే. రేపు తెల్లారి చల్లగా ఉన్నప్పుడే కదా పోయేది? నీళ్ళు చూసుకోని బయల్దేరండి.

మామ: పోనే కూడదు.

అల్లుడు: ఏంటికి కూడదు మామా? మిషను బాగుందంటే నువ్వు బాగలేదంటావు. వచ్చినోళ్ళను బెదరగొట్టడం నీకు అలవాటైపోయింది.

మామ: పన్నెండేళ్ళు కదలని ముల్లు ఈ పొద్దు కదిలింది. అంతకన్నా ఏం కావల్ల? ముల్లు సంగతి నాకు చెప్పింది నువ్వే కదరా ఆ మధ్య. అయివారికీ చెప్పు.

అల్లుడు: అది నిజమే సార్. ఇప్పుడొచ్చే శానా కార్లలో ముల్లు వేడిని ఉన్నదున్నట్టు చూపించదు. 80 దాటినప్పటి నుంచి 100 పైదాకా దాన్ని నడిమధ్యలోనే నిలబెట్టేస్తారు. రవ్వంత ఊగితే చాలు, ఓనర్లు బెదిరిపోయి సర్వీసుకు పరిగెత్తుతారని. కొన్ని చిన్న కార్లలో ముల్లే తీసేసి, చల్లగా ఉంటే నీలం దీపం, కాగిపోతే ఎర్రదీపం పెట్టినారు.

మామ: అట్లైతే ముల్లు వెంట్రుకవాసి జరిగిందంటే, లోపల వేడి శానా దూరం పోయి వచ్చిందని కదా?

అల్లుడు జవాబు చెప్పలేదు. స్కానర్ తెర మీద 94 కాస్తా 95 అయింది.

మామ: ఇంకోటి కూడా చెప్తా. కొడికొండ చెక్‌పోస్టు అవతల ఒకాయనకు రేడియేటర్ పైపు పగిలింది. ముల్లు పైకి పోయింది, ఆయన బెదిరినాడు. రవ్వంతసేపటికి ముల్లు దానంతట అదే కిందికి దిగింది. సర్దుకుందిలే అని ఇంకా జోరుగా తోలినాడు. వేడి చూసే సెన్సరు నీళ్ళలో మునిగి ఉంటేనే కదా చూసేది? నీళ్ళన్నీ కారిపోయినాక అది గాల్లో ఉండిపోయింది. గాలి వేడిని చూపించింది. ఇంజను హెడ్డు వంగిపోయి బండి ఆడే నిలబడింది. నీ దీపం ఆ పొద్దు ఏం చేసింది?

అల్లుడు: ఏం చేయలేదు. ఒప్పుకుంటా. అయితే ఆయనకు చెవి కూడా ఉండె కదా, అదేం చేసింది?

ఈ ప్రశ్నకు మామ కోప్పడతాడనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని వేపచెట్టు నీడలో కూర్చున్నాడు.

మామ: చెవి ఊరికే రాదురా. నాకెట్ల వచ్చిందో చెప్తా విను. నా చిన్నప్పుడు మాకు బావి ఉండె, ఆయిలింజను ఉండె. చేనికి కరెంటు ఇంకా రాలేదు. మా నాయన రాత్రిపూట ఇంజను పెట్టేసి ఇంటికొచ్చి మంచమ్మీద పండుకుంటుండె. చేను అర మైలు దూరం. గురకపెట్టే మనిషి ఉన్నట్టుండి లేచి, నీళ్ళు తెగినాయి పోరా అంటుండె. పోయి చూస్తే నిజంగానే పైపులో నీళ్ళుండవు, ఇంజను వట్టిగా తిరుగుతుండె. నీళ్ళు లాగేటప్పుడు దాని సద్దు బరువు. నీళ్ళు తెగితే బరువు పోయి సద్దు తేలిక, జోరు. ఆయప్ప చెవి పెట్టి వినింది లేదు. దాని మామూలు సద్దు ఆయప్ప ఒంట్లో ఉండిపోయింది. అది మారితే మెలకువ వచ్చేది.

అల్లుడు: బాగుంది. ఒకటే సిలిండరు, ఒకటే పని, ఊరంతా నిశ్శబ్దం. ఇప్పుడు కారు తోలేటోడు అద్దాలు ఎత్తేస్తాడు, ఏసీ పెడతాడు, పాటలు పెడతాడు. ఇంజను సద్దు లోపలికి రాకుండా కంపెనీనే పొరల మీద పొరలు పరిచి ఇస్తాంది. చెవులు మూసి కూర్చోబెట్టి, చెవితో విను అంటే ఎట్ల? అందుకే దీపం పెట్టినారు. నీ చెవి నీతో పోతాది మామా. దీపం ఎవురికైనా వెలుగుతాది, నిన్న లైసెన్సు తీసుకున్న పిల్లకు కూడా.

ఈ మాట నాకు నచ్చింది. మామ కూడా కాదనలేదు. అల్లుడు ఆ ఊపులోనే అన్నాడు:

అల్లుడు: చెవి అబద్ధం చెప్పదా? పోయిన దసరాకు ఒక బండిలో టకటక వినపడితే టాపెట్లు అన్నావు. వాల్వు కవరు విప్పినావు. ఒక దినమంతా పోయింది. కడాకు చూస్తే సైలెన్సరు పైనుండే వేడి రేకు వదులైంది. రెండు నట్లు బిగిస్తే పోయింది.

మామ: అవును. ఆ దినం మజూరీ నేను తీసుకోలేదు. సద్దు పుట్టిన చోటనే వినపడదు, ఇనుములో పాకి ఇంకోచోట పలుకుతాది. ఆ పొద్దు తొందరపడినా, దీన్ని పెట్టి చూడలేదు.

లోపలికి పోయి మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు తెచ్చాడు. పిడి నల్లబడి నున్నగా ఉంది. తిరిగే బెల్టుకు దూరంగా ఒడుపుగా వంగి, మొనను ముందు డైనమో మీద ఆనించాడు. పిడి చెవి వెనక ఎముకకు తాకించుకుని కళ్ళు మూసుకున్నాడు. తరవాత కొంచెం కిందికి జరిపి వాటర్ పంపు మీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు. ఆపైన నా చేతికిచ్చి, చొక్కా అంచు బెల్టుకు తగలకుండా పట్టుకున్నాడు.

డైనమో మీద పెడితే తేనెటీగల రొద లాంటి సన్నటి పాట. పంపు మీద పెడితే ఆ పాట కింద ఇంకేదో ఉంది. రాయి కలిసిన పిండి మరలో పడితే వచ్చే గరగర. బయట నిలబడితే ఆ సద్దు లేనే లేదు.

అల్లుడు తానూ పెట్టుకుని విన్నాడు. రెండుసార్లు విన్నాడు.

అల్లుడు: బేరింగు పోతాంది.

మామ: బేరింగు తర్వాత. ముందు సీలు పోయిండాది. టార్చి వెయ్యి.

పంపు అడుగున చిన్న తూటు. లోపలి సీలు కారితే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయట పడిపోవాలని తయారుచేసేవాళ్ళే పెట్టే తూటు అది. దాని కింద ఇనుము మీద ఒక చారిక, అంచున తెల్లటి పొక్కు. తడి లేదు. వేడికి ఎప్పటికప్పుడు ఆరిపోయిన నీళ్ళు తమ ఉప్పును మాత్రం అక్కడ వదిలిపోయాయి. ఇది ఎన్ని నెలలుగా జరుగుతోందో. కింద నేల మీద ఒక్క చుక్క పడి ఉంటే నేను చూసేవాణ్ణేమో.

మామ: తెల్లగుండాది చూసినారా? మంచి కూలెంట్ కారితే దాని రంగే అంటుకుంటాది, పచ్చగానో ఎర్రగానో. ఇది బోరు నీళ్ళ ఉప్పు. అయివారూ, దీంట్లో బోరు నీళ్ళు ఎవురు పోసినారు?

పోసింది నేనే. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో పుట్టపర్తి దారిలో పైపు క్లిప్పు వదులై నీళ్ళు కారిపోయాయి. పక్క చేనులో బోరు ఆడుతోంది. ఆ రైతు రెండు సీసాలు నింపి ఇచ్చాడు. చల్లారేదాకా ఆగి, పోసి, క్లిప్పు బిగించి ఇంటికి వచ్చాను. తరవాత మరిచిపోయాను. నడుస్తోంది కదా అనుకున్నాను.

మామ: ఆ పొద్దు పోసింది తప్పు కాదు. నడిదారిలో ఏ నీళ్ళు దొరికితే అవే పోయల్ల, ఇంజను కాలిపోయేదాని కన్నా అది మేలు. ఇంటికొచ్చినాక వారంలో అదంతా తీసేసి కడిగి, కూలెంట్ పోసుకోని ఉంటే అయిపోయేది. మన నీళ్ళు మీకు తెలియనివా? బిందె అడుగున తెల్లగా అట్ట కట్టేస్తాది. రేడియేటర్లో గొట్టాలు ఎంత సన్నగుంటాయి? అదే అట్ట లోపల కూడా కడతాది.

అల్లుడు: ఈ మాట నేను నీకు ఎన్నిసార్లు చెప్పినా మామా? మనకేమన్నా మంచు పడతాదా, కూలెంట్ ఎందుకు, దుడ్లు దండగ అన్నది ఎవురు?

మామ తలూపాడు. ఆయన ఇక్కడ తన పాత తప్పును దాచలేదు. దానికి నేను ఆయన్ని గౌరవిస్తాను.

మామ: అన్నా. ఇరవై ఏళ్ళు బోరు నీళ్ళే పోసినా. అప్పటి రేడియేటర్లు రాగివి, ఇత్తడివి. అట్ట కడితే ట్యాంకు విప్పి, గొట్టాల్లో కమ్మీ దూర్చి గీకి, మళ్ళా టంకం వేస్తే ఇంకో ఐదేళ్ళు నడిచేది. ఇప్పటివి అల్యూమినియం రేకు, ప్లాస్టిక్ ట్యాంకు. గీకేదానికి లేదు, అతికేదానికి లేదు. కూలెంట్ మంచు కోసమే కాదు, తుప్పు పట్టకుండా, అట్ట కట్టకుండా కూడా అని వీడే నాకు నేర్పించినాడు.

ఇంజను ఆపాము. అల్లుడు ఫ్యాను వైరు ఊడదీశాడు. వేడి ఇంజనులో ఆపిన తరవాత కూడా ఫ్యాను తనంతట తాను తిరగవచ్చట, వేళ్ళు పోతాయి. మామ నన్ను రేడియేటర్ రేకుల మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టమన్నాడు. ఎడమ పక్క సెగ చెయ్యి నిలవనివ్వలేదు. కుడి పక్క కింది మూల మాత్రం గోరువెచ్చగా ఉంది. అక్కడికి నీళ్ళు చేరడం లేదు. మూత మీద చెయ్యి వేయబోతే ఇద్దరూ ఒక్కసారే అరిచారు. మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడికి నీళ్ళు 100 దాటినా తెర్లవు. మూత తీసిన క్షణంలో అంతా ఆవిరై ముఖాన కొడుతుంది. మామ ముంజేతి మీద ఉన్న మచ్చ అలా వచ్చిందే.

నేను: అయితే మామ గెలిచినట్టేనా?

అల్లుడు: ఈ బండి మీద గెలిచినాడు సార్. పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారైతాండాయి, ఏడాదికి 3 లక్షలు చేసేటట్టు కట్టిన ఫ్యాక్టరీ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారూ బీఎస్ 6. అట్లాంటి డీజిల్ బండి తెస్తే ఈయప్ప స్క్రూడ్రైవరు ఏం వింటాది? పొగలోని మసిని పట్టుకునే జల్లెడ ఒకటి ఉంటాది దాంట్లో. ఆ మసి కాలిపోవల్లంటే అప్పుడప్పుడు హైవే మీద ఇరవై నిమిషాలైనా ఆపకుండా పోవల్ల. ఊర్లోనే రెండు కిలోమీటర్లు పోయి ఆపేవాళ్ళకు అది కాలదు, నిండుకుంటా పోతాది. సద్దు రాదు, వాసన రాదు. దీపమే చెప్తాది. ఆ దీపం పడినప్పుడు మామ దగ్గరికి కాదు, హైవే ఎక్కల్ల. మొదట్లోనే ఎక్కితే ఖర్చే లేదు. నెల ఊరుకుంటే వేలల్లో పోతాది.

మామ: అది నాకు తెలీదు. వాడు చెప్పేదాకా నేను దాన్ని పీకి పారేద్దామనే అనుకున్నా.

అల్లుడు: ఎయిర్‌బ్యాగు పోతే ఎవురు వింటారు? ఏబీఎస్ సెన్సరు పోతే? సార్, ఈడోళ్ళంతా బెంగళూరు పోయి సెకండ్ హ్యాండ్ కార్లు తెచ్చుకుంటారు. తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకముందు దీపాల పలక చూడల్ల. అన్ని దీపాలూ ఒక్కసారి వెలిగి, స్టార్ట్ చేసినాక ఆరిపోవల్ల. ఎయిర్‌బ్యాగు దీపం వెలగనే లేదంటే బాగుందని కాదు. దాన్ని ఎవురో నోరు మూయించినారని అనుమానపడల్ల.

మామ: దీపం దండగ అని నేను అనలేదురా. దీపం కోసం కాచుకోని కూర్చోవద్దంటా. జ్వరం 104కు పోతేనే డాక్టరు కాడికి పోతావా? పొద్దున పిల్లోడు అన్నం సరిగా తినలేదని అమ్మకు తెలుస్తాది చూడు, అది అంటాండా. నీ మిషను కోడు చూపిస్తాది సరే. కోడు నొప్పి ఎక్కడో చెప్తాది, రోగం ఏదో చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ అని కోడు వచ్చిందని సెన్సరు మార్చి, నెల తిరక్కుండా అదే కోడుతో మళ్ళా వచ్చిన బండ్లు ఎన్ని లేవు? సెన్సరు బాగానే ఉండె. సైలెన్సరు జాయింటు కాడ గాలి పీలుస్తాండె.

అల్లుడు: ఉండాయి. కోడు చూసి సామాను మార్చేటోడు మెకానిక్ కాదు. అది స్కానర్ తప్పు కాదు, చదివేటోని తప్పు.

ఎండ కొంచెం వాలింది. టీ వచ్చింది. వాదన బ్రేకుల మీదికి మళ్ళింది. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది, ఎందుకంటే ఇంజను చెడితే బండి ఆగుతుంది, బ్రేకు చెడితే ఆగదు.

మామ: బ్రేకు కీచుమంటే జనం ఏం చేస్తారు? దుమ్ము పడింది అని నీళ్ళు కొడతారు. మన ఎర్రదుమ్ముకు రవ్వంత కీచు రావడం నిజమే. కడిగినాక కూడా రోజూ వస్తాంటే?

అల్లుడు: ఆ కీచు నీ చెవి కోసం కంపెనీలు పెట్టిందే మామా. శానా కార్లలో ప్యాడ్ పక్కన చిన్న ఉక్కు రేకు ఉంటాది. ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వస్తే ఆ రేకు డిస్కును తాకి కీచుమంటాది.

మామ కళ్ళు మెరిశాయి.

మామ: చూసినావా. దీపం పెట్టగలిగినోళ్ళు కూడా చెవినే నమ్మినారు.

అల్లుడు: పెట్టినారు గానీ, అద్దాలెత్తినోనికి అదీ వినపడదు. కీచు పోయి గరగర వచ్చినాకనే వస్తారు. అప్పటికి ఇనుము ఇనుమును తింటాంటాది. ప్యాడ్లతో పోయేది డిస్కుల దాకా వస్తాది. వెనక డ్రమ్ముల్లో ఆ రేకు కూడా ఉండదు, విప్పి చూడల్సిందే.

మామ: పెడలు సంగతి చెప్పు. కాలు పెడితే మెత్తగా దూదిలో పెట్టినట్టుంటే?

అల్లుడు: లైనులో గాలి దూరింది. అట్లా కాకుండా ఆగి ఉన్నప్పుడు తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతాంటే మాస్టర్ సిలిండరు. రెండిటికీ బండి కదపకూడదు. ఇంకొకటి ఉండాది, దాన్ని నువ్వూ వినలేవు, నేనూ చూడలేను. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటాది. ఏళ్ళు గడిస్తే దాంట్లో నీళ్ళు చేరతాయి. ఊర్లో తిరిగేటప్పుడు ఏమీ తెలీదు. తిరుమల ఘాటు దిగేటప్పుడు కాలు బ్రేకు మీదనే పెట్టుకోని దిగితే అది కాగి ఆవిరైతాది, పెడలు నేలకు తగులుతాది. అందుకే రెండేళ్ళకొకసారి మార్చల్ల, దిగేటప్పుడు చిన్న గేరులో దిగల్ల.

ఈ చోట ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం నేను గమనించాను. చెప్పకుండా చచ్చేవి కొన్ని ఉంటాయి. కొన్ని ఇంజన్లలో ఉండే రబ్బరు టైమింగు బెల్టు అలాంటిదే; తెగే నిమిషం దాకా ఏ గుర్తూ ఇవ్వకపోవచ్చు, తెగితే వాల్వులు వంగిపోతాయి. దానికి చెవీ లేదు, దీపమూ లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకు మార్చమని ఉంటే మార్చడమే. మామ డిక్కీ తెరిచి నా స్టెప్నీని బయటికి తీశాడు. ఒక్కరోజూ రోడ్డు మీద దొర్లని టైరు, కొత్త వెంట్రుకలు ఇంకా రబ్బరు మీద అలాగే ఉన్నాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూపించాడు: 3113. 2013లో 31వ వారంలో పుట్టిన టైరు. గోరుతో నొక్కితే గీతల మధ్య సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి. ఏటా ఈ ఎండలో డిక్కీలో ఉడికి ఉడికి ముసలిదైంది. రేపు దారిలో పంచరైతే నేను దీన్ని నమ్మి 90లో పోయేవాణ్ణి.

నేను: ఇన్ని గుర్తులు నాలాంటివాడు ఎక్కడ గుర్తుపెట్టుకుంటాడు? ఏదో ఒకదాన్ని నమ్ముకునే దారి చెప్పండి.

అల్లుడు: దీపం రంగు గుర్తుపెట్టుకోండి సార్. పసుపు అయితే ఇంటికి పోయి చూపించుకోవచ్చు. ఎరుపు అయితే ఉన్నచోటే పక్కకు తీసి ఆపేయండి. ముఖ్యంగా ఆయిల్ క్యాన్ బొమ్మ. అది ఆయిల్ తగ్గింది అని చెప్పే దీపం కాదు, ఆయిల్ ఒత్తిడి పోయింది అని. ఊరు ఇంకొక కిలోమీటరే కదా అని తోలితే ఇంజను సీజ్. ఇంజను బొమ్మ పసుపే గానీ, టపటపా కొట్టుకుంటాంటే మిస్సింగ్ గట్టిగా ఉందని. కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోయి అక్కడ కాలతాంటాది. జోరు తగ్గించి ఆపేయండి.

మామ: నేను రంగులు చెప్పను. వారానికి ఒక్క రోజు పాటలు ఆపండి, ఏసీ ఆపండి, అద్దాలు దించండి. స్కూలు కాంపౌండు గోడ పక్కన మెల్లగా పోండి. బండి సద్దు గోడకు తగిలి మీ చెవికే వస్తాది. స్టీరింగు పూర్తిగా తిప్పితే కటకటమంటే ముందు చక్రాల జాయింట్లు. జోరుతో పాటు పెరిగే గూంమనే సద్దు అయితే చక్రం బేరింగు. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను బద్దకంగా తిరిగితే బ్యాటరీ. మన ఎండలకు బ్యాటరీ తొందరగా ముసలిదైతాది. పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలతాంది. నల్లగా ఉంటే గాలి చాలడం లేదు, ముందు ఫిల్టరు తీసి దులపండి, మన దుమ్ముకు అది ఊపిరాడక చస్తాది. ఇవన్నీ మీరు కంఠతా పట్టల్సిన పని లేదు అయివారూ. బాగున్నప్పుడు ఎట్లుంటాదో తెలిస్తే చాలు. మారింది అని మీకు తెలిస్తే, ఏం మారిందో మేము చూస్తాం. మీ బండి మామూలు సద్దు మాకు తెలీదు. మీకే తెలుస్తాది.

అల్లుడు: అది మాత్రం నిజం సార్. స్కానర్‌కు నిన్న తెలీదు, ఈ పొద్దు ఒకటే తెలుసు. ముల్లు కదిలింది చూసింది మీరే. నేను 94 చూసి పంపించేసేటోణ్ణి.

ఆ మాట అతను మామ వైపు చూడకుండా అన్నాడు. మామ కూడా దాన్ని విననట్టే టీ గ్లాసు కడుక్కున్నాడు.

బండి అక్కడే వదిలేశాను. తెల్లవారి మొదటి బస్సుకు బెంగళూరు పోయాను. ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు సాయంత్రం తిరిగి వచ్చేసరికి పాత పంపు, పాత రేడియేటర్ నా కోసం పక్కన పెట్టి ఉంచారు. మామ పాత రేడియేటర్ వంచి దులిపితే పాతగోడ సున్నం లాంటి పెచ్చులు నేల మీద రాలాయి. కొత్తదాంట్లో కూలెంట్, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోశారు. స్టెప్నీకి కొత్త టైరు వేశారు. అల్లుడు బండి నిలబెట్టి ఇరవై నిమిషాలు ఇంజను నడిపించి, ఫ్యాను ఏ అంకె దగ్గర వస్తోందో, ఏ అంకె దగ్గర ఆగుతోందో నా డైరీలో రాసిచ్చాడు. తరవాత నా ఫోను తీసుకుని, బానెట్ తెరిచి, ఇంజను సద్దు రెండు నిమిషాలు రికార్డు చేశాడు.

అల్లుడు: ఇది మీ బండి బాగున్నప్పటి సద్దు సార్. అనుమానం వచ్చిన రోజు పక్కపక్కన పెట్టి వినండి.

మామ: దానికి తోడు ఇంకొకటి. వారం రోజులు రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరిచి పెట్టండి. తెల్లారి చూడండి. ఇంజను కింద నల్లటి మరక అయితే ఆయిల్. తియ్యటి వాసనతో పచ్చగా ఉంటే కూలెంట్, మేం సరిగా బిగించలేదని. చక్రం లోపలి పక్క జిడ్డుగా ఉంటే బ్రేక్ ఆయిల్, ఆ రోజు బండి తీయొద్దండి, నాకు ఫోను చేయండి.

ఆ రాత్రి ఇంటికి వచ్చేటప్పుడు ఊళ్ళో అద్దాలు దించుకునే వచ్చాను. ఉక్కగా ఉందని ఊరి దాకా మాత్రం ఏసీ వేసుకున్నాను. ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టె అటక మీద నుంచి దించి, విప్పి, బండి కింద పరిచాను.

తెల్లారి అయిదింటికే మెలకువ వచ్చింది. టార్చి పట్టుకుని వంగి చూశాను. అట్ట మీద ఎడమ చక్రానికి కొంచెం వెనక, అరచేతంత తడి ఆరిన గుర్తు, దాని నడుమ ఇంకా ఆరని ఒక చుక్క. గుండె ఝల్లుమంది. వేలితో తీసి వెలుగులో పెట్టి చూశాను. రంగు లేదు. బొటనవేలితో రుద్దాను, జిడ్డు లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, వాసన లేదు.

ఏసీ నీళ్ళు.